సార్, ఈసారి ముందు మమ్మల్ని అడగండి

ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ మంత్రి గారికి, నమస్కారాలతో...

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఖజానాలో డబ్బు లేనప్పుడల్లా పైనుంచి మాకు వినపడే మాట ఒకటే: "సహకరించండి." ఈ ఉత్తరం ఆ మాట గురించే.

2020 మార్చి 31న వచ్చిన జీవో 26 మీ శాఖలో ఎవరినడిగినా తీసి చూపిస్తారు. కరోనాతో రాబడి పడిపోయిందని ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల జీతం మొత్తం, ఐఏఎస్‌లది 60 శాతం, మాలాంటి వాళ్లది 50 శాతం, అటెండర్లలాంటి నాలుగో తరగతి ఉద్యోగులది 10 శాతం వాయిదా వేశారు. నెలంతా పనిచేశాక, నెలాఖరు రోజున. పింఛన్లనూ వదల్లేదు. చీటీ కట్టాల్సిన తారీఖు మాత్రం ఏ జీవోతోనూ వాయిదా పడలేదు.

మా అటెండర్‌కి ఆగింది పది శాతమేగా అని నేనే ఒకసారి నోరు జారాను. "మీకు సగం పోయినా ఇంకో సగం ఉంటుంది సార్. నాకు పోయిందే పాల డబ్బులు" అన్నాడు. ఆ తర్వాత నేను శాతాల గురించి అతని దగ్గర మాట్లాడలేదు.

గొడవ చేశామా? లేదు. అప్పటికే ఒక రోజు జీతం ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చి ఉన్నాం. ఆ రోజుల్లోనే మాస్కులు కట్టుకుని బడికి వెళ్లి, మధ్యాహ్న భోజనానికి బదులు పిల్లలకు బియ్యం, గుడ్లు, చిక్కీలు లెక్కపెట్టి పంచాం. అట్టలో ఒక గుడ్డు పగిలి ఉంటే దాన్నీ రిజిస్టర్లో రాయించారు మా హెడ్మాస్టర్. మా సగం జీతం తిరిగి ఎప్పుడిస్తారో మాత్రం జీవోలో తేదీ లేదు.

చివరికి ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. ఆగిన జీతాలు, పింఛన్లు 12 శాతం వడ్డీతో ఇమ్మని 2020 ఆగస్టులో తీర్పొచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అసలు మీద కాదు, వడ్డీ మీద. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ ఎత్తెయ్యలేదు. చేసిన పనికి జీతం అడగడం ఉద్యోగి హక్కని కూడా చెప్పింది. అప్పుడు మీ ప్రభుత్వమో ఇంకొకరిదో అన్న లెక్కలోకి నేను పోను. జీవోలు రాసే కుర్చీ అదే కదా.

2009లో అమెరికాలోని హవాయిలోనూ బడ్జెట్ ఇలాగే తలకిందులైంది. అక్కడ రాష్ట్రమంతా ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ప్రభుత్వ బడులన్నీ ఒకే పాలన కింద ఉంటాయి. ప్రభుత్వం టీచర్ల సంఘంతో కూర్చుని మాట్లాడింది, సభ్యులు ఓటేశారు, ఏడాదికి 17 శుక్రవారాలు బడి మూసి ఆ రోజుల జీతం వదులుకున్నారు. అదేదో గొప్ప పద్ధతని చెప్పడం లేదు. పిల్లల చదువు పోతోందని తల్లిదండ్రులు గవర్నర్ ఆఫీసులో బైఠాయించారు, మరుసటి ఏడాదికి ఆ ఒప్పందమే మార్చుకోవాల్సి వచ్చింది. తప్పో ఒప్పో, అక్కడ టీచర్‌ని ముందు అడిగారు. మాకు వాట్సాప్‌లో జీవో పీడీఎఫ్ వచ్చింది.

అందుకే అడుగుతున్నాను. మళ్లీ అలాంటి రోజొస్తే జీవో టైపు కాకముందే సంఘాలను పిలవండి, రాబడి ఎంతో ఖర్చెంతో కాగితాలు ముందు పెట్టండి. లెక్కలు చూడటం మాకూ వచ్చు. అటెండర్లు, ఆయాలు, పారిశుధ్య సిబ్బంది జోలికి వెళ్లొద్దు. ఆపిన డబ్బు ఏ నెలలో ఇస్తారో, ఆలస్యమైతే వడ్డీ ఎంతో ఆ జీవోలోనే రాయండి, మమ్మల్ని కోర్టు దాకా తిప్పకుండా. ఈలోగా డీఏ (కరువు భత్యం) బకాయిలు, సరెండర్ లీవు (వాడుకోని సెలవులు వెనక్కిచ్చి తీసుకునే డబ్బు) బిల్లుల సంగతి కూడా ఒకసారి చూడండి. వాటికీ ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (గణితం)