స్టీమ్ షవర్ అడిగేవాళ్లకు మా కొట్టు నుంచి నాలుగు మాటలు

విజయనగరంలో మా శానిటరీ సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్లు ఈమధ్య కుళాయిలు, గీజర్లు చూసి ఊరుకోవడం లేదు. స్టీమ్ షవర్ ఉందా అని అడుగుతున్నారు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు వీడియోలు పంపుతున్నారు. పొడి వాతావరణంలో ఉండేవాళ్లకు ఇంట్లోనే ఆవిరి స్నానం ఎంతో మేలు, చర్మం పగలదు, ముక్కు ఎండదు అని వాటి సారాంశం. ఆ మాటల్లో చాలావరకు నిజమే. అయితే వాళ్లున్న చోట గాలి వేరు, మన గాలి వేరు. వచ్చే నెల నుంచి ఈ సామాను అమ్మే పద్ధతి మారుస్తున్నాం కాబట్టి, కారణం ముందే చెప్పడం మర్యాద.

పొడి ఊళ్లలో దీనికి ఎందుకంత పేరు? మనం పీల్చే గాలి ఊపిరితిత్తులకు చేరేలోగా ఒంటి వేడికి, నిండు తేమకు రావాలి. బయటి గాలిలో తేమ లేకపోతే ఆ లోటంతా ముక్కు, గొంతు లోపలి పొరలే పూడ్చాలి. అందుకే రియాద్ వంటి ఎడారి నగరాల్లోనూ, చలికాలమంతా హీటర్లు నడిచే దేశాల్లోనూ తెల్లారి లేచేసరికి గొంతు ఆర్చుకుపోతుంది, ముక్కులో పొక్కులు కడతాయి, ఒక్కోసారి రక్తం చారలు కనిపిస్తాయి. అలాంటివాళ్లు ఆవిరి గదిలో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే ఎండిన చీమిడి మెత్తబడుతుంది, ఊపిరి తేలికగా ఆడుతుంది. గదిలో వేడి 40 నుంచి 46 డిగ్రీల మధ్య, తేమ దాదాపు నూటికి నూరు శాతం ఉంటాయి. సౌనా అలా కాదు, అది 70, 80 డిగ్రీల పొడి వేడి. పొడిగాలితో బాధపడేవాళ్లకు ఈ రెండింటిలో ఆవిరే నయం.

చర్మం సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. ఆవిరి ఇచ్చే తేమ ఎక్కువసేపు నిలవదు. ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, మాయిశ్చరైజరో రాసుకుంటే ఆ తేమ లోపలే ఆగుతుంది. రాయకుండా బయట తిరిగితే పొడిగాలి దాన్ని కాస్తా లాక్కుపోతుంది. వీడియోల్లో ఈ రెండో సగం చెప్పరు.

నీళ్ల ఆదా మాత్రం అచ్చంగా నిజం. లీటరు నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు పడుతుంది. నీళ్లను మరిగించి ఆవిరి చేసే పెట్టెను జనరేటర్ అంటాం. నాలుగున్నర కిలోవాట్ల జనరేటర్ ఇరవై నిమిషాలు నడిస్తే ఒకటిన్నర యూనిట్లు, రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు, అంతే. మామూలు షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఎనభై లీటర్లు ఇట్టే పోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే అనంతపురంలో ఇది చిన్న విషయం కాదు. అక్కడైతే తలుపు తీసి మిగిలిన ఆవిరిని ఇంట్లోకి వదిలేయవచ్చు. గాలికి కాస్త తేమ వస్తుంది, గోడలూ త్వరగా ఆరిపోతాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నీళ్ల ఎయిర్ కూలర్ అనంతపురంలో గదిని చల్లబరుస్తుంది, కళింగపట్నంలో చాపను తడుపుతుంది. స్టీమ్ షవర్ కథ కూడా అదే. భోగాపురం నుంచి బారువ దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తేమకు కరువేమిటి? మే నెల ఉక్కపోతలో పట్టిన చెమటే ఆరదు. ఆవిరి గదిలోంచి బయటికి వచ్చాక ఒళ్లు చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. మిగిలిన ఆవిరి పోయే దారి లేక తలుపు చెక్క ఉబ్బుతుంది, టైల్స్ సందుల్లో నల్లగా బూజు పడుతుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేనిదే, టైల్స్ పైకప్పు దాకా వేయనిదే, ఆవిరి చుక్కలు నెత్తిన పడకుండా పైకప్పుకు వాలు ఇవ్వనిదే ఇక మేము బిగించం.

అలాగని దండగ వస్తువు అనడం లేదు. పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లకు, కీళ్లు బిగుసుకుపోయే పెద్దవాళ్లకు వేడి హాయినిస్తుంది. డిసెంబరు, జనవరిలో సైనస్‌తో సతమతమయ్యేవాళ్లకూ ఉపశమనమే. కానీ ఒక్క జలుబు కోసం ఇంత ఖర్చు పెట్టకండి. నీలగిరి ఆకో, వావిలాకో వేసి మరిగించి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. గిన్నె ఒళ్లో కాకుండా కదలని బల్ల మీద పెట్టండి, చిన్నపిల్లలను దాని దగ్గరికి రానివ్వకండి. ఒళ్లు కాలేది ఎక్కువగా అక్కడే. ఇక చెమటతో విషాలన్నీ పోతాయని, పొట్ట తగ్గుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. చెమటంటే ఎక్కువగా నీళ్లూ ఉప్పూను. తగ్గిన బరువు రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొస్తుంది.

ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. దాని మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఒంట్లో నీరు తగ్గడం మాత్రం కిడ్నీలకు మంచిది కాదు, ఆవిరి గది చేసే పనే చెమట పట్టించడం. ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) ఎక్కువగా ఉందని తేలితే డాక్టరును అడిగి రండి. ఆయన వద్దంటే ఆ బేరం నాకూ వద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు కూడా ముందు డాక్టరును అడగాల్సిందే. మందు కొట్టి లోపల కూర్చునే ఆలోచన ఉంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి.

కరెంటు, నీళ్ల విషయం కూడా చూడాలి. నాలుగున్నర కిలోవాట్ల జనరేటర్ దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించే వస్తువు కాదు. దానికి వేరే లైను, వేరే ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్), ఎర్తింగ్ ఉండాలి. చాలా ఇళ్లలో కరెంటు ఆఫీసుకు వెళ్లి లోడు పెంచుకోవాల్సి వస్తుంది. నీళ్ల మాటకొస్తే, బోరు నీళ్లు వాడిన ఒక జనరేటర్‌ను ఈమధ్య విప్పాం. లోపల నీళ్లు కాగబెట్టే కాయిల్ మీద సున్నం వేలి మందాన పేరుకుంది, గోరుతో గీకితే పెళ్లలుగా ఊడింది. అలాంటి కాయిల్ కరెంటు తింటుంది గానీ ఆవిరి ఇవ్వదు, చివరికి కాలిపోతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో ఎప్పటికప్పుడు కడుగుతుండాలి. ఆవిరి వచ్చే గొట్టం మూతి చీలమండ ఎత్తున ఉంటుంది. ఆన్ చేయగానే ముందు కాస్త మరిగే నీళ్లు చిమ్ముతుంది, అప్పుడు కాళ్లు దూరంగా పెట్టుకోవాలి.

కాబట్టి వచ్చే నెల నుంచి స్టీమ్ షవర్లు కొట్టులో నిల్వ ఉంచం, ఆర్డరు మీదే తెప్పిస్తాం. ముందు మా ఎలక్ట్రీషియన్ మీ ఇంటికి వచ్చి వైరింగ్ చూస్తాడు, నీళ్ల కాఠిన్యం, అంటే వాటిలో సున్నం ఎంతుందో పరీక్షిస్తాడు. దీనికి డబ్బు తీసుకోం. రెండూ సరిపోతేనే అడ్వాన్సు. అనంతపురంలోనో హైదరాబాదులోనో పిల్లలకు ఇల్లు కడుతున్నవాళ్లు బాత్రూం కొలతలు, పైకప్పు ఎత్తు రాసుకుని రండి, ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్క కట్టి ఇస్తాం. వాళ్లు సామాను అక్కడే కొనుక్కున్నా మాకు అభ్యంతరం లేదు. ఇప్పటికే మా దగ్గర కొన్నవాళ్లు కాయిల్ కడిగించుకోవాలంటే దసరా రద్దీకి ముందే ఫోను చేయండి. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో మా కుర్రాళ్లు ఎవరూ దొరకరు.