చుక్క ఫొటో

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. "చుక్క ఫొటో మంచిదొకటి తీసి పంపు నాన్నా" అని నువ్వు ఫోనులో అంటే, కుక్కను ఫొటో తీయడం ఒక్క పూట పని అనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఆ సంగతంతా ఫోనులో చెబితే నాకు తృప్తి ఉండదు, అందుకే రాస్తున్నాను.

మొదటిరోజు నిలబడి తీశాను. ఫొటోలో ఇంత తల, దాని కింద ఎక్కడో పొట్టి కాళ్ళు. నువ్వు చిన్నప్పుడు నేలమీద బోర్లా పడుకుని దానితో గంటలకొద్దీ మాట్లాడేదానివి. నీకు తెలిసిన చుక్క మొహం ఆ ఎత్తులోంచి కనబడేది. అందుకే రెండోరోజు నేనూ మోచేతులు నేలకు ఆనించి పడుకున్నాను.

అయినా కుదరలేదు. లెన్స్ దాని మొహానికి ఎదురుగా పెట్టగానే తల పక్కకు తిప్పేసింది. పెదాలు నాక్కుంది, నిద్ర రాకపోయినా ఆవలించింది. కుక్క "నాకిది వద్దు" అని చెప్పే తీరు అది. లెన్స్ దానికి రెప్ప వేయని పెద్ద కన్నులా ఉంటుందిట, అలా గుచ్చి చూడటం కుక్కల్లో బెదిరింపు కింద లెక్క. బిస్కెట్ చూపించి కూర్చోబెట్టొచ్చు గానీ, అప్పుడు దాని చూపు బిస్కెట్ మీదే ఉంటుంది. నువ్వు అడిగింది ఆ చూపు కాదుగా. ఆ పూటకు మానేశాను. మూడోరోజంతా కెమెరాను దాని పక్కనే నేలమీద పెట్టి, నా పని నేను చూసుకున్నాను. అది వచ్చి వాసన చూసింది, మూతితో ఒకసారి నెట్టింది, పక్కనే పడుకుంది.

నల్లకుక్కను తీయడంలో ఇంకో చిక్కుంది. ఫ్రేము నిండా నలుపే ఉంటే కెమెరా చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, బొచ్చు బూడిదరంగులో వస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే కెమెరా తీసుకునే వెలుగును సగం చేసి, దాన్ని కిటికీకి పక్కగా కూర్చోబెట్టాను. ఫ్లాష్ ముట్టుకోలేదు. వాటి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది కదా, ఫ్లాష్ పడితే కళ్ళు పచ్చగా దివ్వెల్లా మెరిసి, అసలు చూపు పోతుంది.

నాలుగోరోజు పొద్దున ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఫొటో పడింది. చెవులు సరిగా వినబడటం లేదు దానికి, పిలిస్తే పలకదు. అరచేత్తో నేలమీద మెల్లగా తట్టాను. ఆ అదురు తెలిసి తలెత్తి చూసింది. కెమెరాను కాదు, దాని వెనకున్న నన్ను. కనుబొమ్మల లోపలి కొసలు పైకి లేచాయి చూడు, చిన్నప్పుడు నువ్వు బడికి వెళ్తుంటే గుమ్మంలో అలాగే చూసేది. అలా బొమ్మలెత్తే కండరం కుక్కలకు బాగా ఎదిగి ఉంటుందనీ, తోడేళ్ళలో ఏవో కొద్దిపాటి పోగులే ఉంటాయనీ 2019లో ఒక పరిశోధనలో తేలింది. వేల ఏళ్ళు మనిషి పక్కన బతికి మన మొహాలకు జవాబిచ్చే మొహం తెచ్చుకున్నాయన్నమాట. 2015లో జపాన్‌లో ఇంకోటి చూశారు. కుక్కా, దాన్ని పెంచుకున్న మనిషీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఉంటే, తల్లీబిడ్డల మధ్య మమకారం పెంచే ఆక్సిటోసిన్ అనే హార్మోను ఇద్దరిలోనూ పెరిగింది. చేతులతో పెంచిన తోడేళ్ళలో అది కనబడలేదు. ఆ పొద్దున కెమెరా పక్కన పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను, తల్లీ.

ఫొటో దగ్గరగా పెట్టుకుని చూడు. మూతి చుట్టూ తెల్లబడింది. కళ్ళలో వయసు తెచ్చిన నీలి మసక ఉంది, ఆ మసకలోనే మన కిటికీ చిన్న పలకలా మెరుస్తోంది. ముక్కు మాత్రం స్పష్టంగా రాలేదు. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని మరీ తెరిచి ఉంచాను, కళ్ళమీద ఫోకస్ పెడితే అంత పొడుగు మూతి కొస మసకబారింది. దాన్ని ఇంకా మూసి ఉంటే రెండూ వచ్చేవి. మళ్ళీ తీద్దామా అనుకుని, ఆ చూపు మళ్ళీ రాదేమోనని ఇదే పంపాను.

పండగదాకా ఆగకు, వీలైనంత తొందరగా రా. కిటికీ వెలుగు పొద్దున ఎనిమిదింటికి బాగుంటుంది. నువ్వు దాని పక్కన నేలమీద పడుకో, మీ ఇద్దరినీ కలిపి తీస్తాను.

మీ నాన్న