మిషన్ ఇంట్లో వదిలి వెళ్లకు, అమ్మడూ

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాటకి రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు. "ఆసుపత్రిలో అందరి ముందూ ఆ గురక మిషన్ మాస్కు తగిలించుకుని ఏం పడుకుంటానమ్మా, ఈ బరువు తగ్గించే ఆపరేషన్ అయ్యి సన్నబడితే గురక ఎలాగూ పోతుంది కదా" అన్నావు. అల్లుడు పక్కనే ఉన్నాడేమో, నేను ఏదో చెప్పబోతే మాట మార్చేశావు. అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు నా తప్పు ఒకటి ఉంది. నువ్వు డిగ్రీ చదివేటప్పుడే గురక పెట్టేదానివి. "ఆడపిల్లవి, రేపు అత్తారింట్లో ఏమనుకుంటారే" అని నేనే అన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు. పగలు తూగుతుంటే బద్ధకమన్నాను, పొద్దున్నే తలనొప్పి అంటే రాత్రి ఫోన్ చూసి ఉంటావన్నాను. నీకు ఈ సిగ్గు అంటించింది నేనే. అది జబ్బని అప్పుడు తెలిసుంటే ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు.

మొన్న సంక్రాంతికి నీ పక్కన పడుకున్నాను గుర్తుందా. అర్ధరాత్రి నీ గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. సర్దుకుందిలే అనుకున్నా. చూస్తే ఛాతీ లేస్తోంది, పడుతోంది, ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం గాలి తగల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఇరవై ఆరు దాకా వెళ్లింది. అప్పుడు నీళ్లలో మునిగి పైకొచ్చినదానిలా ఒక్కసారి గాలి లాక్కుని పక్కకు తిరిగి పడుకున్నావు. పొద్దున అడిగితే నీకేమీ తెలీదు. మెత్తటి రబ్బరు పైపుని గట్టిగా పీలిస్తే లోపలికి అతుక్కుపోతుంది చూడు, నిద్రలో నీ గొంతు దగ్గర అదే జరుగుతోంది. స్లీప్ ఆప్నియా అంటే ఇదే, మాస్కులోంచి గాలి ఒత్తిడితో ఆ దారి తెరిచి ఉంచేదే నీ సీపాప్ మిషన్. స్లీప్ టెస్టులో ఊపిరి ఆగడమో తగ్గడమో గంటకు 34 సార్లు అని వచ్చింది కదా. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం అంటారు. ముప్పై నాలుగేళ్లకే నీకు బీపీ వచ్చిందంటే దీని పాత్ర కూడా ఉండే ఉంటుంది.

మీ నాన్న గాల్ బ్లాడర్ ఆపరేషన్ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు, అప్పుడు నీకు పరీక్షలు. ఆపరేషన్‌కి ముందు గురక పెడతారా అని అక్కడ ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తెలీదు. రాత్రి నొప్పి ఎక్కువగా ఉందంటే ఇంజక్షన్ ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టారు. కాసేపటికి పెదవులు నల్లబడటం చూసి నేను అరిస్తే సిస్టర్ పరుగున వచ్చింది. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 74. భుజాలు పట్టి ఊపి, లేపి కూర్చోబెట్టాక గానీ మనిషి ఊపిరి తీసుకోలేదు. మార్ఫిన్ జాతి నొప్పి మందులు ఊపిరి తీసుకోమనే మెదడు ఆజ్ఞనే మందగింపజేస్తాయని, మత్తు ఇంకా పూర్తిగా దిగని గొంతు వదులుగా ఉండి మరింత మూసుకుపోతుందని తర్వాత డాక్టరు చెప్పారు. మాకు సీపాప్ మిషన్ ఇంటికి వచ్చింది ఆ తర్వాతే.

కాబట్టి మత్తు డాక్టరుతో నువ్వే నోరు తెరిచి చెప్పు, నాకు స్లీప్ ఆప్నియా ఉంది, మిషన్ వాడుతున్నాను, ఇదిగో రిపోర్టు అని. తెలిస్తే వాళ్లు చేసే పద్ధతే వేరు. గొంతులో గొట్టం నువ్వు పూర్తిగా మెలకువలోకి వచ్చాకే తీస్తారు, తలవైపు ఎత్తు పెడతారు, పారాసెటమాల్, గాయం దగ్గర ఇచ్చే మత్తుమందుతో వీలైనంత నెట్టుకొచ్చి ఆ బలమైన ఇంజక్షన్లు తగ్గిస్తారు, రాత్రంతా వేలి క్లిప్పు ఉంచుతారు. ఆక్సిజన్ పెట్టారు కదా మిషన్ ఎందుకు అనుకోకు. ఆక్సిజన్ అంకె పెంచుతుంది గానీ మూసుకున్న దారి తెరవదు, దారి తెరిచేది ఆ గాలి ఒత్తిడే. ఇంకో భయం కూడా చెప్పావు, గాలి పొట్టలోకి పోయి కొత్త కుట్లు విడిపోతాయేమోనని. మీ సర్జన్ని తప్పకుండా అడుగు, అడగడానికి మొహమాటం వద్దు. బరువు తగ్గడానికి పొట్టకి చేసే స్లీవ్, బైపాస్ ఆపరేషన్లు చేయించుకుని సీపాప్ వాడినవాళ్లలో లీకులు ఎక్కువైనట్టు ఇప్పటిదాకా పరిశోధనల్లో కనిపించలేదు.

ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుంది. రాత్రి రెండు గంటలకే మాస్కు పీకేసి పడేస్తున్నావని అల్లుడు చెప్పాడు (అతన్ని ఏమీ అనకు, టెన్షన్ పడి చెప్పాడు). ఈ మూడు వారాలు తెల్లారేదాకా అలవాటు చేసుకో. పడుకునే ముందు మొహానికి క్రీము, నూనె రాయకు, మాస్కు జారి గాలి కళ్లలోకి కొడుతుంది. పొద్దున్నే కుషన్ని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు, మీ నాన్నది రోజూ నేను చేసేది అదే. ముక్కు ఎండిపోతుంటే తేమ పెట్టె వాడు, అందులో డిస్టిల్డ్ వాటరే పొయ్యి. మొదట్లో గాలి మెల్లగా పెరిగేలా పెట్టే సదుపాయం ఉంటుంది, మిషన్ ఇచ్చినతన్ని అడిగి పెట్టించుకో. 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ అనే డాక్టరు దీన్ని మొదట వ్యాక్యూమ్ క్లీనర్ మోటారుతో చేశాడట. ఇప్పుడు నీ దగ్గరున్నది టిఫిన్ డబ్బా అంత, చప్పుడు కూడా లేదు.

ఇక బరువు తగ్గాక సంగతి. తగ్గుతుంది, నాకు నమ్మకం ఉంది. మొహం సన్నబడితే మాస్కు వదులవుతుంది, కొత్త సైజు తీసుకోవాలి. ఇప్పటి ఒత్తిడి అప్పటికి ఎక్కువై పొట్ట ఉబ్బరంగా ఉండొచ్చు, డాక్టరుకు చెబితే తగ్గిస్తారు. అంతేగానీ గురక వినబడటం లేదని నీ అంతట నువ్వు మిషన్ అటక ఎక్కించకు. చాలామందికి బాగా తగ్గుతుంది, కొందరికి చాలా కిలోలు తగ్గినా కొంత మిగిలే ఉంటుంది, పక్కనున్నవాళ్లకు వినిపించదు కూడా. ఆపేయాలో వద్దో మళ్లీ స్లీప్ టెస్టు చేయించాకే. డాక్టరు ఎప్పుడు చెబితే అప్పుడు నేనే తోడు వస్తా.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు పొద్దుటి రైలుకి వస్తున్నా. మిషన్, మాస్కు, వైరు, రిపోర్టు కాపీ ఒక సంచిలో పెట్టి మీద నీ పేరు రాయి. ఆ రాత్రి నీ మంచం పక్కన నేనే కూర్చుంటాను, సిగ్గేస్తే దుప్పటి ముక్కు దాకా లాక్కో, మాస్కు మాత్రం తియ్యకు.

అమ్మ