కొలెస్ట్రాల్ వెనుక మనిషి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో కొలెస్ట్రాల్ గురించి చదివాను. ఏం తినకూడదో వివరంగా రాశారు. అసలు అది ఒంట్లో ఎలా తయారవుతుందో, ఆ గుట్టు విప్పినవాళ్లెవరో మాత్రం ఒక్క ముక్కా లేదు.

మా పక్కింటాయన లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వులు చూసే పరీక్ష) కాగితం పట్టుకొచ్చి, "నెల నుంచి ఉద్దివడ ముట్టలేదు సార్, అయినా తగ్గలేదే" అన్నారు. ఎక్కువ భాగం మన శరీరమే తయారు చేసుకుంటుందంటే నమ్మలేదు.

కొలెస్ట్రాల్‌కు ముడిసరుకు ఎసిటైల్ కోఎంజైమ్-ఎ, అంటే తిన్న తిండిని కణాలు విడగొట్టినప్పుడు పుట్టే ఒక పదార్థం. 1951లో మ్యూనిక్‌లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త ఫియోడోర్ లైనెన్ దాన్ని ఈస్ట్ నుంచి వేరుచేసి, ఎసిటైల్ ముక్క గంధకానికి అంటుకుని ఉంటుందని తేల్చారు. కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాల మీద చేసిన పనికి 1964లో కాన్రాడ్ బ్లాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పీహెచ్‌డీకి పుట్టగొడుగుల విషం మీద పనిచేసి, గురువు వీలాండ్ గారి అమ్మాయినే పెళ్లాడారు. నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో కునికేవాళ్లు కూడా లేచి కూర్చునేవారు!

కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే, కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్-క్యూ కూడా పుడుతుంది. కొలెస్ట్రాల్ తగ్గడానికి ఇచ్చే స్టాటిన్ మాత్ర ఆ దారి మొదట్లోనే అడ్డుపడుతుంది కాబట్టి రక్తంలో రెండూ తగ్గుతాయి. (అలాగని టెన్షన్ పడి, డాక్టరును అడక్కుండా మాత్రలు మానేయకండి.)

మన ఎస్వీ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ శాఖ ఉంది. అక్కడి అధ్యాపకుల చేత ఇలాంటి జీవితాలను తెలుగులో, వారానికొకటి రాయించండి.

— విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి