జ్వరాల వార్తతో పాటు కారణం కూడా రాయండి

ఎడిటర్ గారికి,

వానలు మొదలైతే చాలు, మీ జిల్లా పేజీలో ఫలానా ఊరు మంచం పట్టిందని వార్త వస్తుంది. ఎంతమందికి జ్వరమో, ఏ నాయకుడు వచ్చి పరామర్శించాడో ఉంటుంది, మురుగు కాలువ ఫొటో కూడా ఉంటుంది. రక్తపరీక్షలో ఏం తేలింది, ఆ జబ్బు మనిషికి ఎట్లా వచ్చింది అన్నది మాత్రం ఉండదు. డెంగీనా, మలేరియానా, టైఫాయిడా, స్క్రబ్ టైఫసా తెలీకుండా ఊరంతా బ్లీచింగ్ చల్లితే ఏం లాభమండీ? టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే సన్నటి నల్లి కుట్టడం వల్ల వస్తుంది. డెంగీ, మలేరియా రెండూ దోమలవే గానీ ఆ దోమలు వేరు. మలేరియా క్రిమి అనాఫిలిస్ దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు, ఇన్నేళ్ల తర్వాత కూడా మనం ఏ దోమో చెప్పకుండానే వార్త రాస్తున్నాం.

కరువు జిల్లాలో డెంగీ ఏంటని అడుగుతుంటారు. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల కొళాయి రోజూ రాదు, అందుకే డ్రమ్ముల్లో, తొట్లలో, సంపుల్లో నీళ్లు పట్టి పెట్టుకుంటాం. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు మురుగు అక్కర్లేదు, అట్లా నిలవ ఉన్న మంచినీళ్లే కావాలి. వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమై ఎగురుతుంది, పగటిపూటే కుడుతుంది, పెద్ద దూరం కూడా పోదు, అంటే మనల్ని కుట్టిన దోమ మన ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టిందే అయ్యుంటుంది. శుక్రవారం డ్రైడే, అంటే వారానికోసారి నిలవ నీళ్లన్నీ పారబోసి తొట్లు, డ్రమ్ములు ఆరబెట్టే రోజు అని ఏఎన్ఎంలు మొత్తుకునేది ఇందుకే. ఉన్న నీళ్లు పారబోసుకునే పరిస్థితి మనకు లేదు, నిజమే. కనీసం గుడ్డ కట్టి మూత పెట్టాలి, ఖాళీ అయినప్పుడు డ్రమ్ము లోపలంతా పీచుతో గట్టిగా రుద్దాలి, ఎందుకంటే గుడ్లు దాని గోడకే అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు.

ఫ్లోరోసిస్ కూడా నీళ్ల వల్ల, వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువుండటం వల్ల వచ్చేదే, కానీ అంటురోగం కాదు. పళ్లు గారపట్టి, నడుములు వంగి ఊళ్లో చాలామంది కనపడేసరికి ఒకరి నుంచి ఒకరికి వస్తుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందరూ ఒకే బోరు నీళ్లు తాగితే అందరికీ వస్తుంది, అంతే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడ ముఖ్యంగా రాయాల్సిన మాట ఒకటుంది: నీళ్లు కాచి తాగితే టైఫాయిడ్ క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లు ఆవిరయ్యే కొద్దీ దాని పాళ్లు పెరుగుతాయి.

తాడిపత్రిలో మా వీధిలో గ్రానైట్ పాలిష్ పనికి పోయే ఒకాయనకు నెలల తరబడి దగ్గు, ఆయాసం. టీబీ అని ఎవరో అన్నారు, ఇంటి ఓనర్ గది ఖాళీ చేయించాడు, పిల్లల్ని ఆయన దగ్గరికి పోనివ్వలేదు. తీరా పరీక్షల్లో తేలింది సిలికోసిస్. ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు అది, ఎవరికీ అంటదు. అయితే సిలికోసిస్ ఉన్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి టీబీ సోకే ప్రమాదం మాత్రం ఎక్కువ, కాబట్టి ఆ పరీక్ష చేయించాల్సిందే. పోనీ టీబీయే అనుకుందాం. అది గాలి ద్వారా వస్తుంది, ముట్టుకుంటేనో కంచం కడిగితేనో రాదు, మందులు సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఇల్లు ఖాళీ చేయిస్తారని భయపడే మనిషి దగ్గు దాచుకుంటాడు, ఆస్పత్రికి పోడు, మందులు మధ్యలో మానేస్తాడు. అప్పుడే కదా అది వీధంతా పాకేది!

ఇంకో విషయం. క్యాన్సర్ అంటదు, కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి, కొన్ని లివర్ క్యాన్సర్లకి మూలం వైరస్‌లే. ఆ వైరస్‌లు రాకుండా టీకాలున్నాయి. పుట్టగానే బిడ్డకు వేసే హెపటైటిస్ బి టీకా అట్లాంటిదే. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

మీ విలేకరులు ఊరికి పోయినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్ని పరీక్షల్లో ఏం తేలిందో అడిగి, ఆ జబ్బు ఎట్లా వస్తుందో రెండు వాక్యాలు రాయమని కోరుతున్నా. అట్లాగే పాలిష్ యూనిట్లలో రాయిని తడిపి కోస్తున్నారో లేదో, పనివాళ్లకు దుమ్ము ఆపే మంచి మాస్కులు ఇస్తున్నారో లేదో వెళ్లి చూసి రాయండి. సిలికోసిస్ వచ్చాక నయం చేసే మందు లేదు.

— ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా