సింకు కూడా లేని అద్దె ఇల్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా కోనసీమలో పిల్లలు విదేశాలకు వెళ్తున్నారంటే ఆవకాయ ప్యాకింగ్ మీద ఉన్న శ్రద్ధ అక్కడ దిగబోయే ఇంటి మీద ఉండదు. మా అబ్బాయి ఉద్యోగానికి జర్మనీ వెళ్తుంటే అన్నీ అమర్చి ఇచ్చే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ ఖర్చు దండగ, మామూలు ఫ్లాటే తీసుకోమని చెప్పింది నేనే. తాళం తీసి వీడియో కాల్‌లో వంటగది చూపించాడు. గోడలోంచి రెండు పైపులు, వేలాడుతున్న వైర్లు, అంతే! పొయ్యి లేదు, సింకు లేదు, ఆఖరికి లైటు కూడా లేదు. అక్కడ చాలా ఇళ్లు అలాగే ఇస్తారట, మోసమేం కాదు. వాళ్లమ్మ పెట్టిన కందిపొడి వారం రోజులు బ్రెడ్డులో నంచుకున్నాడు పాపం.

డిపాజిట్ సంగతీ అంతే. హీటింగ్ వగైరా కలపని అద్దె లెక్కన మూడు నెలల మొత్తం వరకు ఇంటి ఓనరు అడగొచ్చు, కానీ దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అక్కడి చట్టంలోనే ఉంది. తెలియక మొత్తం ఒకేసారి కట్టేశాం.

సర్వీస్డ్ అయితే మంచం, గిన్నెలు, కరెంటు, నెట్ అన్నీ అద్దెలోనే, కాకపోతే అద్దె ఎక్కువ. అదైనా గుడ్డిగా తీసుకోకూడదు. దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల కాగితం కావాలి, కొన్నిచోట్ల అది ఇవ్వరు. ముందే అడగాలి. నన్నడిగితే మొదటి రెండు నెలలు సర్వీస్డ్‌లో ఉండి, మామూలు ఫ్లాట్ కళ్లారా చూసుకుని మారడం మేలు.

వీసా కన్సల్టెన్సీల ప్రకటనలు పేజీలకు పేజీలు వేస్తున్నారు కదా, ఇవి కూడా కాస్త రాయండి.

— ఒక తండ్రి, అమలాపురం