మోకాలు వంగే దాకా

మెల్‌బోర్న్

చి. చిన్నమ్మాయికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఆపరేషన్ అయి ఆరు వారాలు గడిచినా మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగడం లేదని నిన్న ఫోన్‌లో చెబుతున్నప్పుడు నీ గొంతు పూడుకుపోవడం విన్నాను. దెబ్బ తగిలిన రోజు "ఇక ఆ నెట్‌బాల్ ఆట చాలు" అని నేను తొందరపడి అన్న మాట నీ మనసులో ఇంకా గుచ్చుకుంటూనే ఉందని నాకు తెలుసు. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మన మెల్‌బోర్న్‌లోనే పుట్టిన స్కీయింగ్ క్రీడాకారిణి లిడియా లాసిలా సంగతి గుర్తుకొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆమె జిమ్నాస్టిక్స్ నుంచి ఏరియల్ స్కీయింగ్‌కు వచ్చింది. మంచుతో కట్టిన నిటారు గట్టు మీదుగా పైకి లేచి, గాలిలో ఉండే సుమారు మూడు సెకన్లలోనే పల్టీలూ మెలికలూ పూర్తిచేసి, ఏటవాలు మంచు మీద రెండు కాళ్లతో నిలబడాలి. అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు దెబ్బంతా కాచుకోవలసింది మోకాళ్లే. మోకాలి ఎముకలను పట్టి ఉంచే, నీకు తెగిన ఆ ఏసీఎల్ లిగమెంటే ఆమెకూ తెగింది. 2005లో దాన్ని సరిచేయించుకుని, 2006లో టొరినో ఒలింపిక్స్‌కు వెళ్లింది. అక్కడ దూకి దిగగానే అదే మోకాలు మళ్లీ పోయింది. మంచు మీద పడి ఆమె పెట్టిన కేక విన్నవాళ్లు మరచిపోలేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తరువాతి కాలమే. మొదటిసారి దెబ్బ తగిలినప్పుడు ముందున్న కష్టమేమిటో మనిషికి తెలియదు కాబట్టి ఆశతో గడిపేయవచ్చు; రెండోసారి మడమను పరుపు మీద అంగుళం అంగుళం లాగడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలంటే, ప్రతి రోజు ఎలా ఉంటుందో ముందే తెలిసి మొదలుపెట్టాలి. ఆమె అలాగే మొదలుపెట్టింది. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో, సైప్రస్ మౌంటెన్ మీద రెండు దూకుల్లో 214.74 పాయింట్లు సాధించి స్వర్ణం గెలిచింది. ఆ తరువాత తల్లి అయి కూడా తిరిగి వచ్చి, 2014లో సోచిలో, మహిళల్లో అంతకుముందు ఎవరూ పోటీలో ప్రయత్నించని మూడు పల్టీలు, నాలుగు మెలికల దూకుకు సాహసించింది. దిగేటప్పుడు అదుపు తప్పినా కాంస్యం దక్కింది. నాకు ఆ స్వర్ణం కంటే ఈ కాంస్యమే ఎక్కువ నచ్చుతుంది. తేలికైన దూకు ఎంచుకునే వీలుండి కూడా ఆమె ఎంచుకోలేదు.

నువ్వు తిరిగి ఆడతావో లేదో నీ ఇష్టం. నీ కాలు ఎంత త్వరగా కోలుకుంటుందో ఫిజియో చెప్పాలి గాని ఆమె కథ చెప్పదు. తొందరపడి కోర్టులోకి దిగకు.

శనివారం ఉదయం బ్రిస్బేన్ వస్తున్నాను. నువ్వు తువ్వాలుతో మడమను లాగుతుంటే పక్కన కూర్చుని లెక్కపెడతాను. తొంభై ఒకటి వచ్చినా నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

ప్రేమతో,
అమ్మ